టర్బో సంగతి తర్వాత చూద్దాం



డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో గ్యారేజీ తలుపు ఎత్తితే కనపడేవి అట్టపెట్టెలు, ఇండియా నుంచి మోసుకొచ్చిన గ్రైండరు, పిల్లలు వదిలేసిన సైకిళ్లు. కార్లు బయట ఎండలో ఉంటాయి. అదే వీధిలో ఎక్కడో ఒక ఇంట్లో మాత్రం శనివారం పొద్దున్నే గ్యారేజీలోంచి పానాల చప్పుడు వినిపిస్తుంది. లోపల ముప్ఫయ్యేళ్ల నాటి పికప్ ట్రక్కు బానెట్ ఎత్తి ఉంటుంది. దాని ముందు చేతులనిండా గ్రీజుతో ఓ మనిషి. ఆయనకి ఆ ట్రక్కుతో పనేమీ లేదు, ఆఫీసుకి వేరే కారులో వెళతాడు. ఇదొక సరదా. మనవాళ్లలోనూ కొందరికి అంటుకుంది. నాకూ అంటుకుంది.

ఇందులోకి కొత్తగా దిగినవాళ్లు మొట్టమొదట అడిగే మాట ఒకటే: “దీనికి టర్బో పెట్టొచ్చా?” పెట్టొచ్చు. అయితే పాత ట్రక్కుకి చేయాల్సిన పనుల్లో అది ఆఖరిదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

ట్రక్కులు చాలా రకాలు. నేను ఉదాహరణకి ఒక్కదాన్నే తీసుకుంటాను, ఫోర్డ్ ఎఫ్-150. ఫోర్డ్ వాళ్ల ఎఫ్ సిరీస్ ట్రక్కులు 1948లో మొదలయ్యాయి. ఎఫ్-150 అన్న పేరు 1975 మోడల్‌తో వచ్చింది. దాని పుట్టుకలో ఓ తమాషా ఉంది. సరుకుతో కలిపి 6,000 పౌండ్ల లోపు ఉండే ట్రక్కులకి అప్పట్లో పొగ నిబంధనలు గట్టివయ్యాయి. సరిగ్గా ఆ గీత దాటేలా కాస్త బరువైన ట్రక్కు తయారుచేసి, దానికి 150 అని పేరు పెట్టారు. చట్టాన్ని తప్పించుకోవడానికి పుట్టిన బండి తర్వాత అమెరికాలోనే అత్యధికంగా అమ్ముడయ్యే బళ్లలో ఒకటైంది.

ఆ ట్రక్కుల్లో చాలా వాటికి ఆరు సిలిండర్లు వరసగా ఉండే ఇంజిన్ వచ్చేది. 300 ఘనపుటంగుళాలు, మన లెక్కలో 4.9 లీటర్లు. 1965 మోడల్ నుంచి 1996 దాకా ఆ ఇంజిన్‌ని పెద్దగా మార్చకుండానే తయారుచేశారు. డెలివరీ వ్యాన్లలో వాడారు, జనరేటర్లకి వాడారు, చెట్టుకొమ్మలు నుగ్గుచేసే యంత్రాలకి కూడా వాడారు. చివరి సంవత్సరాల్లో దాని శక్తి 150 హార్స్ పవర్ దగ్గర ఉండేది. ఇవాళ ఓ మామూలు కుటుంబం వాడే కారుకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కాబట్టి కాగితం మీద చూస్తే నవ్వొస్తుంది. కానీ దాని టార్కు, అంటే లాగే బలం, 260 పౌండ్-అడుగులు. అదీ నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే వచ్చేస్తుంది. బరువు వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరవనక్కర్లేదు, నింపాదిగా లాగేస్తుంది.

దీని లోపలి కట్టుబడి చూస్తే, టర్బో పెట్టాలనుకునేవాళ్లు వి-8 ఇంజిన్లు వదిలేసి దీని చుట్టూ ఎందుకు తిరుగుతారో అర్థమవుతుంది. క్రాంక్ షాఫ్ట్‌కి ఏడు మెయిన్ బేరింగులున్నాయి. రెండు చివర్లా ఒక్కొక్కటి, ప్రతి రెండు సిలిండర్ల నడుమ ఒకటి. కామ్ షాఫ్ట్‌ని తిప్పడానికి చైను లేదు, బెల్టు లేదు, పళ్లచక్రాలే. చేసే పనికి కావలసినదానికన్నా ఎక్కువ ఇనుము పెట్టి కట్టారు. ఆ ఎక్కువ బలమే టర్బో వాడుకునే నిల్వ. టర్బో తనంతట తాను ఇంజిన్‌కి బలం ఇవ్వదు, ఇంజిన్ దాచుకున్న బలాన్ని ఖర్చుపెడుతుంది. నిల్వ లేని ఇంజిన్‌కి టర్బో పెడితే ఖర్చయ్యేది ఇంజినే.

టర్బో ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలుసు కనక క్లుప్తంగా చెబుతాను. సైలెన్సర్ గొట్టంలోకి వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజిన్‌లోకి తోస్తుంది. కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టే: గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, బొగ్గు ఖర్చూ ఎక్కువే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ దీనికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో ఇది పనికొచ్చింది పెద్ద డీజిల్ ఇంజిన్లకీ, విమానాలకీ. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పల్చబడి విమానం ఇంజిన్ నీరసించేది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజిన్‌ని లారీ మీద కట్టుకుని కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ ఎక్కించాడు. ఆ శిఖరం ఎత్తు 14,000 అడుగులకి పైనే. టర్బో లేకుండా అక్కడ చతికిలబడ్డ ఇంజిన్, టర్బో తగిలించాక సముద్రమట్టం దగ్గర ఇచ్చినంత శక్తీ ఇచ్చింది.

మామూలు జనం వాడే కారులోకి టర్బో రావడానికి 1962 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికాలో రెండు టర్బో కార్లు వచ్చాయి, షెవర్లే కార్వెయిర్ మాంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. ఈ జెట్‌ఫైర్ కథ పాత ట్రక్కులతో ఆడుకునే ప్రతివాళ్లూ వినాల్సింది. 215 ఘనపుటంగుళాల ఇంజిన్, 215 హార్స్ పవర్. అంగుళానికి ఒక గుర్రం అని గొప్పగా చెప్పుకున్నారు. అయితే గాలిని అంతగా నొక్కితే ఇంజిన్ లోపల పెట్రోలు వేళకి ముందే పేలుతుంది, మన మెకానిక్కులు నాకింగ్ అంటారే, అది. దాన్ని ఆపడానికి శుద్ధజలం, మిథనాల్ కలిపిన ద్రవం ఒకటి చిన్న ట్యాంకులో పోసి, దాన్ని గాలిలోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకోవడం కారు సొంతదారు పని. చాలామంది చూసుకోలేదు. ద్రవం అయిపోతే ఇంజిన్ పాడుకాకుండా టర్బో ఒత్తిడి తనంతట తగ్గిపోయేది. దాంతో కారులో దమ్ము లేదని గోల. చివరికి చాలా కార్లకి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించారు. రెండేళ్లకే ఆ మోడల్ ఆగిపోయింది. ఆలోచన మంచిదే, యంత్రమూ మంచిదే. సీసాడు ద్రవం పోయడానికి ఓపిక లేకపోవడంతో అంతా అటకెక్కింది.

దీనికి తిరగేసిన కథ కమిన్స్‌ది. 1989 మోడల్‌తో డాడ్జ్ పికప్పుల్లో 5.9 లీటర్ల కమిన్స్ టర్బో డీజిల్ వచ్చింది. హార్స్ పవర్ 160 మాత్రమే, టార్కు మాత్రం 400 పౌండ్-అడుగులు. లక్షల మైళ్లు తిరిగి ఇప్పటికీ పనిచేస్తున్న ట్రక్కులున్నాయి. డీజిల్ ఇంజిన్ నొక్కేది ఉత్త గాలిని. డీజిల్ ఆఖరి క్షణంలో లోపలికి వస్తుంది కనక వేళకి ముందు పేలడానికి అక్కడ ఏమీ ఉండదు. పైగా ఆ ఇంజిన్ తయారైనప్పుడే టర్బోని దృష్టిలో పెట్టుకుని తయారైంది. మన పాత పెట్రోలు ట్రక్కుకి ఈ రెండు వెసులుబాట్లూ లేవు.

ఇక లెక్కలోకి వద్దాం. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర చదరపుటంగుళానికి 14.7 పౌండ్లు. సరదాకి టర్బో పెట్టేవాళ్లు మొదట్లో దానికి 7 పౌండ్లు కలిపితే చాలనుకుంటారు. అంటే ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు. అయితే ఒకటిన్నర రెట్లు గాలి లోపలికి పోతుందా? పోదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. టెక్సాస్ ఎండలో బయట 38 డిగ్రీలున్న రోజున, టర్బోలోంచి వచ్చే గాలి 90 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ వేడి మీద లెక్కేస్తే మనకి దక్కే అదనపు గాలి పావు వంతే. నడుమ ఇంటర్‌కూలర్ పెట్టి, ఆ గాలిని 50 డిగ్రీలకి దించితే అప్పుడు నలభై శాతం దాకా దక్కుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు టర్బో ఎంత పెద్దదని అడగరు. గాలి ఎంత చల్లగా వెళుతోందని అడుగుతారు.

పైగా ఈ ఫోర్డ్ ఇంజిన్‌లో గాలి లోపలికి పోయే దారీ, పొగ బయటికి వచ్చే దారీ ఒకే పక్కన, పైనా కిందా ఉంటాయి. అంటే కింద కుంపటి, పైన గాలి గొట్టం. టర్బో కూడా అక్కడే వేలాడదీస్తే ఆ పక్కనున్న వైర్లు, రబ్బరు పైపులు, ప్లాస్టిక్ క్లిప్పులు మాడిపోకుండా వేడి కవచాలు కట్టుకోవాలి. పొగ గొట్టం వేడి పెట్రోలు ఇంజిన్లలో 800 డిగ్రీలు దాటుతుంది.

ఇప్పుడు అసలు పని. ట్రక్కు కొన్న మొదటి రోజుల్లో టర్బో ఊసే ఎత్తకుండా చేయాల్సింది కంప్రెషన్ టెస్టు. ఇంజిన్ వేడిగా ఉండగా స్పార్కు ప్లగ్గులన్నీ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కి గేజి పెట్టి స్టార్టర్ తిప్పి చూడాలి. అన్నిటికన్నా తక్కువ చూపిన సిలిండరు, అన్నిటికన్నా ఎక్కువ చూపినదానిలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అప్పుడు పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులో, గాస్కెట్టో అనుమానించాలని. మన మెకానిక్కులు ఇంజిన్ బోరుకొచ్చింది అంటారే, అది తెలిసేది ఇక్కడే. ఆ గేజి కొనక్కర్లేదు కూడా. ఇక్కడ విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కడితే పనిముట్లు ఎరువిస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వాపసు. అమెరికాలో నాకు బాగా నచ్చిన ఏర్పాట్లలో అదొకటి.

సైలెన్సర్ నుంచి వచ్చే పొగ కూడా చాలా చెబుతుంది. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోంది. పొద్దున స్టార్ట్ చేసిన క్షణంలో మాత్రమే నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు ఎండిపోయాయని అర్థం, పెద్ద ప్రమాదం కాదు. తీయటి వాసనతో తెల్ల పొగ విడవకుండా వస్తుంటే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది, అంటే హెడ్ గాస్కెట్ పోయింది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. వీటిలో ఏది ఉన్నా టర్బో దాన్ని పెంచి చూపిస్తుంది.

ఈ ఇంజిన్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది కామ్ షాఫ్ట్ పళ్లచక్రం. చైనూ బెల్టూ కాదు, పళ్లచక్రాలే అన్నాను గాని, చప్పుడు తగ్గాలని తేలికపాటి ట్రక్కుల్లో ఆ పెద్ద చక్రాన్ని ఫైబర్‌తో చేశారు. బరువు ట్రక్కుల్లో లోహపుది వేశారు. ఫైబరు చక్రం ఏళ్ల తరబడి బాగానే తిరుగుతుంది. ఇంజిన్ విపరీతంగా వేడెక్కినా, మరీ పాతబడినా పళ్లు విరిగి ఆయిల్ సంపులో పడతాయి, బండి ఉన్నచోటే ఆగిపోతుంది. టర్బో పెట్టదలచినవాళ్లు ముందుగానే దాన్ని లోహపు చక్రంతో మార్చేస్తారు. అలా మారిస్తే కాస్త కూత లాంటి చప్పుడు వస్తుంది, అలవాటు పడాలి.

రేడియేటరు, ఫ్యాను క్లచ్చు, థర్మోస్టాటు, పాత రబ్బరు గొట్టాలు, వీటి గురించి ఎక్కువ చెప్పను. అన్నీ మార్చేయండి, ఖరీదైనవేమీ కావు. బ్రేకుల గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఆనాటి ట్రక్కులకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఖాళీ ట్రక్కు వెనక భాగం తేలిక కాబట్టి గట్టిగా తొక్కితే వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది. వెనక చక్రాలకి మాత్రమే పనిచేసే ఏబీఎస్‌ని 1987 నుంచి ఇచ్చింది అందుకే. అది ఈపాటికి చాలా బళ్లలో పనిచేయడం మానేసి ఉంటుంది. ఆపలేని బండిని ఇంకా జోరుగా పరిగెత్తించాలనుకోవడం తెలివి తక్కువ పని.

ఇవన్నీ అయ్యాక, ఒక సంవత్సరం బండి నడిపి, ఎంత ఆయిల్ తాగుతోంది, ఎక్కడ కారుతోంది, ఏ చప్పుడు మామూలుది, ఏది కొత్తది అన్నీ తెలిశాక, అప్పుడు టర్బో.

ఈ ఇంజిన్ నిమిషానికి 3,500 చుట్లు తిరిగినప్పుడు మామూలుగా ఆ నిమిషంలో సుమారు 6,900 లీటర్ల గాలి పీలుస్తుంది. దానికి తగ్గ టర్బో ఎంచుకోవాలి. పాత బళ్ల యార్డుల్లో, డీజిల్ ట్రక్కుల నుంచి ఊడదీసిన హోల్సెట్ టర్బోలు దొరుకుతాయి, చాలామంది వాటితోనే సరిపెట్టుకుంటారు. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచేది బాల్ బేరింగు కాదు, చాలావాటిలో పల్చటి ఆయిల్ పొర. కాబట్టి ఆయిల్ ఆగితే టర్బో బతకదు. ఆయిల్ లోపలికి ఇచ్చే గొట్టం గురించి అందరూ శ్రద్ధ పడతారు. బయటికి వచ్చే గొట్టాన్ని పట్టించుకోరు. లోపలికి ఒత్తిడితో పోయిన ఆయిల్ బయటికి వచ్చేది కేవలం తన బరువు మీదే. అందుకని ఆ గొట్టం లావుగా, నిటారుగా, ఎక్కడా పైకి వంపు లేకుండా, సంపులో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. లేకపోతే టర్బోలో ఆయిల్ నిలిచి, సీళ్లు దాటి, సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుంది. టర్బో పోయిందనుకుని కొత్తది కొంటారు. అదీ పొగ పెడుతుంది.

ఇంకో చిక్కు కంప్యూటర్‌తో. 1987 నుంచి ఈ ఇంజిన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. చాలా సంవత్సరాల మోడళ్లలో దాని కంప్యూటరు, గాలి గొట్టంలో ఒత్తిడిని కొలిచి పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయిస్తుంది. ఆ ఒత్తిడి బయటి గాలికి మించుతుందని దానికి తెలియదు, అంతవరకే లెక్క నేర్పారు. టర్బో ఊదినప్పుడు గాలి పెరుగుతుంది, పెట్రోలు పెరగదు. అదే ఇంజిన్లు కరిగే దారి. మామూలుగా ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి అయితే, టర్బో ఊదేటప్పుడు 12కి దగ్గరగా, అంటే పెట్రోలు చిక్కగా ఉండాలి. అందుకే సరదా మనుషులు కంప్యూటర్‌నే మార్చేస్తారు. 2001 ప్రాంతంలో వచ్చిన మెగాస్క్వర్ట్ అన్న పరికరం దీనికే పేరుపడింది, విడిభాగాలు కొని చేతులతో అతికించుకోవచ్చు. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి ఈ పని నిజంగా నచ్చుతుంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఇంజిన్‌కి ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పురవ్వ అని పట్టికలు రాయడం వాళ్లకి కొత్త కాదు. అయితే ఇక్కడ పట్టికలో తప్పు అంకె పడితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. నిప్పురవ్వని కాస్త ఆలస్యం చేయడం, 87 బదులు 93 ఆక్టేన్ పెట్రోలు పోయడం, ప్లగ్గుల సందు తగ్గించడం, ఇవి చవకైన జాగ్రత్తలు.

రోజూ చేయాల్సింది ఒకటే. హైవే మీద నుంచి వచ్చిన వెంటనే తాళం తిప్పి ఇంజిన్ ఆపకండి. ఓ నిమిషం ఊరికే తిరగనివ్వండి. లేకపోతే ఎర్రగా కాలిన టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆయిల్ మార్చడం కూడా మామూలు గడువు కన్నా ముందే.

చట్టం సంగతి చెప్పాలి. టెక్సాస్‌లో సొంత వాడకపు బళ్లకి ఏటేటా చేసే భద్రతా తనిఖీని 2025 జనవరి నుంచి ఎత్తేశారు. డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల పొగ పరీక్ష ఉంది గాని, 24 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్లకి అదీ లేదు. అంతమాత్రాన ఏం పీకినా ఫరవాలేదని కాదు. కాలుష్యాన్ని తగ్గించే భాగాలని తీసేయడం క్లీన్ ఎయిర్ యాక్టు ప్రకారం చట్టవిరుద్ధం, బండి ఎంత పాతదైనా సరే. కాలిఫోర్నియాలో అయితే 1976 నాటి పెట్రోలు బండికి కూడా స్మాగ్ పరీక్ష తప్పదు. ఇంటి ముందు బండి విప్పి పెడితే కాలనీ సంఘం వాళ్ల ఉత్తరం వస్తుంది, అది వేరే చట్టం.

విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న బావమరిది చేత, ఇండియాలో ఉన్న పాత పికప్పుకి కూడా ఇలాగే చేయిద్దామనుకునేవాళ్లుంటే వినండి. అక్కడి మెకానిక్కులకి చేతకాని పని కాదిది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవాళ్లు ఇచ్చిన వివరాలు మారిపోయేలా బండిలో మార్పులు చేయకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ సంగతి మళ్లీ గట్టిగా చెప్పింది. అక్కడ ఆ సరదా వద్దు.

ఇక్కడ మీరు పాత ట్రక్కు కొనబోతుంటే రెండు మాటలు. జాకీ మీద మాత్రమే ఎత్తిన బండి కిందకి ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు వేయండి. గ్యారేజీ తలుపు మూసి ఇంజిన్ నడపకండి. ఇక బండి చూడడానికి వెళ్లినప్పుడు అమ్మేవాళ్లకి ముందే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని చెప్పండి. చల్లారిన ఇంజిన్ మొదటిసారి తిరిగినప్పుడు వచ్చే పొగని, చప్పుడుని మీ కళ్లతో, మీ చెవులతో గమనించండి. వెళ్లేసరికి ఇంజిన్ వెచ్చగా తగిలితే, ఇంకో ట్రక్కు చూసుకోండి.